ఉత్తుత్తి పంచాయితీ

స్టేషన్ ఘన్‌పూర్,
దసరా వెళ్లిన వారం.

చెల్లె వినోదకు,

నువ్వు నవ్వుతావని తెలిసే రాస్తున్నాను. ఈ కాలంలో ఉత్తరం రాసే ఆడదాన్ని నేనొక్కదాన్నే ఉంటానేమో. ఏం చేయను? ఇంట్లో ఉన్న ఒక్క ఫోను మీ బావ జేబులో ఉంటుంది. అడిగితే "ఎవలతోని?" అంటాడు. నీతోనని చెప్తే మొహం అటు తిప్పుకుంటాడు. అక్కడ మీ ఫోనేమో మధు జేబులో. అన్నదమ్ములు మాట్లాడుకోకపోతే తోటికోడళ్ల నోళ్లు కూడా కుట్టేయాలా? అందుకే ఆకుకూరల చిలుకమ్మ చేతికిస్తున్నాను. రోజూ పొద్దుటి రైలుకు పోయి మడికొండలో మీ అపార్ట్‌మెంట్ల ముందే గంప దించుతానని చెప్పింది. ఆమెకు చదువు రాదు, అది ఇంకా మంచిది. ఇంటి గుట్టు లంకకు చేటు.

మీరు వెళ్లిన రోజు నుంచి నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. తప్పు ఎక్కడ జరిగింది? ఒక్క కార్డు మీద రెండు సంసారాలున్నాయి, వేరుపడ్డట్టు వాడ పెద్దలు చెప్తే మీకు కొత్త రేషన్ కార్డు వస్తుంది, దాని మీద ఇల్లు కూడా అడగొచ్చు అని మధునే కదా చెప్పింది. నువ్వు తలుపు చాటునే ఉన్నా, నలుగురం నవ్వుకుంటూనే కదా అనుకున్నాం. పెద్దల ముందు అన్నదమ్ములు కొట్లాడినట్టు చేయాలి, నువ్వు తూర్పు పక్క రేకుల కింద వేరే పొయ్యి పెట్టాలి, సర్వే సారు చూసిపోయేదాకా దాని మీద వండాలి, తర్వాత ఎప్పటిలాగే ఒక్క కుండ. "జర గట్టిగ అను అన్నా, లేకుంటే నమ్మరు" అని మీ బావను ఎగదోసింది కూడా మధునే.

మీ బావకు అబద్ధం చెప్పడం ఎప్పుడు వచ్చింది? పంచాయితీలో కాసేపు నీళ్లు నమిలాడు. పెద్దమనిషి మొగిలయ్య "ఎందుకు వేరుపడ్తాండ్రు, ఒక్క ముచ్చటన్న చెప్పరాదు" అని గద్దించేసరికి నోట్లోంచి ఆ మాట ఊడిపడింది. "పదకొండేండ్ల సంది వీళ్ల కూడు నా రెక్కల మీదనే ఎల్తాంది" అన్నాడు. పెద్దలందరూ తలలూపి నమ్మారు. నీ మొగుడు కూడా నమ్మాడు, అదీ మన ఖర్మ. పండుగైనా చూడకుండా వాచ్‌మన్ పని వెతుక్కుని మిమ్మల్ని తీసుకుపోయాడు.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం అంటారు, నిజమే. కానీ ఇది జారిన మాట కూడా కాదు, ఆడమంటే ఆడిన మాట. మధుకు నచ్చజెప్పు. నీ బిడ్డ సౌమ్య నా మీద కాలు వేయనిదే నిద్రపోయేది కాదు, ఇప్పుడెట్లా పడుకుంటోందో రాయి.

మీ అక్క,
సమ్మమ్మ


మడికొండ,
దీపావళి ముందు రోజు.

అక్కా,

నీ ఉత్తరం చదివితే టీవీలో వార్తలు విన్నట్టుంది. నువ్వు ఇంత శుద్ధంగా మాట్లాడతావని నాకు తెలియదు. మధుకు కనబడకుండా బియ్యం డబ్బాలో దాచాను.

మాకు మెట్ల కింద ఒక గది ఇచ్చారు. పక్కనే కరెంటు మీటర్లు, రాత్రంతా ఏదో ఒకటి గుయ్యిమంటుంది. మధు గేటు తీయాలి, మోటరు వేయాలి, పొద్దున కార్లు తుడవాలి. మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు ఐటీ పార్కుకు పోతారు, చీకటిపడ్డాక వస్తారు. వాళ్లలో ఒకమ్మాయి నన్ను ఆంటీ అంటుంది. నాకంటే పెద్దదిలా ఉంది, అయినా ఊరుకున్నాను. నేను రెండు ఇళ్లలో వంట చేస్తున్నాను. సౌమ్యను దగ్గరి బడిలో వేశాం. మొదట్లో రాత్రి లేచి "పెద్దమ్మ ఏది?" అనేది. ఇప్పుడు నా మీద కాలు వేస్తోంది.

మధు సంగతి అడిగావు. తిట్టడు, అరవడు. అన్నం ముందు కూర్చుని మొదటి ముద్ద చేతిలో పట్టుకుని ఆగుతాడు. ఒకరోజు నవ్వుతూనే "ఇది ఎవ్వల రెక్కల మీదిది?" అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నాటకమే కదా అని నువ్వు రాసినట్టే చెప్పాను. ఏమన్నాడో తెలుసా? "కోపంల అన్న మాటైతే ఎప్పుడో మరిచిపోదును. నాటకం ఆడుమంటే ముందుగాల అదే ఎందుకొచ్చింది నోట్లకు?" అన్నాడు. దీనికి నీ దగ్గర జవాబు ఉంటే రాయి.

నేను బాగానే ఉన్నాను. నా గురించి ఫికర్ పెట్టుకోకు. నీ మోకాళ్లు జాగ్రత్త.

వినోద


స్టేషన్ ఘన్‌పూర్,
కార్తీకం ఆఖరు.

చెల్లె వినోదకు,

జవాబు ఆలస్యమైంది. పత్తి ఏరడంలో చేతులు గీరుకుపోయి కలం పట్టబుద్ధి కాలేదు. కాయ పగిలి తెల్లగా విచ్చుకున్న వారమే వాన కొట్టింది. తడిసిన పత్తిని చూసి కొనేవాళ్లు ముక్కు విరిచారు. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే ఇదే. మనం నలుగురం ఉన్నప్పుడు మన చేనులో మనం ఏరుకుని, వేరేవాళ్ల చేనుకు బదులు పోయి, వాళ్లను మన చేనుకు తెచ్చుకునేవాళ్లం. ఇప్పుడు ఇద్దరం బదులు పోతే ఇద్దరే వస్తారు. మిగతా అంతా కూలికి పిలవడమే. మా కావ్య ఆదివారం హనుమకొండ హాస్టల్ నుంచి వచ్చి సాయం చేసిపోతోంది. డిగ్రీ పరీక్షలు పెట్టుకుని పిల్ల వంగి పత్తి ఏరుతోంది.

అసలు సంగతి ఇది. భూమి గల రాజేశ్వర్ రావు సారు మొన్న వచ్చాడు. చేను చుట్టూ తిరిగి చూసి "రాజమల్లూ, నాలుగెకరాల కౌలు ఇద్దరితోని అయ్యేటట్టు లేదు గదా. ఉగాది లోపట మాట చెప్పు. బయటోళ్లు అడుగుతాండ్రు" అన్నాడు. మీ బావ సరే అనలేదు, కాదు అనలేదు. ఆ కౌలు పోతే మాకు మిగిలేది కూలి. కావ్య చదువు అక్కడికే ఆగుతుంది.

అందుకే అడుగుతున్నాను. మధును తీసుకుని వచ్చేయ్. నువ్వు రాయకపోయినా ఆ మెట్ల కింద ఇరుకు గదిలో ఎంత అవస్థ పడుతున్నావో నాకు తెలియదా? పది మంది ఇళ్లలో గిన్నెలు గోకే బతుకు నీకేం పట్టింది? రేకుల కింద నీ పొయ్యి అట్లాగే ఉంది. సర్వే సారు ఇంకా రాలేదు, వస్తే చూపించి తీసేద్దాం. మీ బావ అన్నది ఉట్టి నాటకమే. కావాలంటే కావ్య మీద ఒట్టు.

మీ అక్క,
సమ్మమ్మ


మడికొండ,
పుష్యమాసం.

అక్కా,

ఈ ఉత్తరం రాసి చింపి, మళ్లీ రాస్తున్నాను. కోపం చేయకు. చేసినా చివరిదాకా చదువు.

నేనిక్కడ అవస్థ పడటం లేదు. నాకు ఇక్కడ బాగుంది. ఈ ఒక్క మాట రాయడానికే ఇన్ని రోజులు పట్టింది.

పొద్దున లేచి ఏం వండాలో నేనే అనుకుంటాను. కారం నాకు సరిపోయేంత వేసుకుంటాను. మన ఇంట్లో అందరికీ పెట్టి మనిద్దరం కూర్చునేసరికి అన్నం చల్లారేది. నీకు దాని మీద పట్టింపు ఉండేది కాదు. నాకు ఉండేది, చెప్పలేదు. ఇక్కడ ముగ్గురం పొయ్యి దగ్గరే కూర్చుని వేడివేడిగా తింటాం. గది ఇరుకే, మీటర్లు గుయ్యిమంటాయి, నిజమే. కానీ తలుపు వేసుకుంటే అది మాది.

నాటకం కోసం రేకుల కింద పొయ్యి పెట్టిన రోజే నాకు ఈ రుచి తెలిసింది. నువ్వేమో "సుట్టమోలె పక్కకు కూసుని వండుతాంది సూడు" అని నవ్వావు. నేను కూడా నవ్వాను. లోపల మాత్రం నా చేతి కింద నా పొయ్యి మండుతుంటే ఎంత సంతోషమైందో చెప్పలేను. నాటకం అబద్ధమని మీరు ముగ్గురూ అనుకుంటుండగా నేను ఒక్కదాన్ని నిజంగా వేరుపడ్డాను. మధు కోపం నాకు అక్కరకొచ్చిందని కూడా చెప్తున్నాను. నేను మంచిదాన్ని కాదని అనుకుంటే అనుకో.

మనం లేనితనం వల్ల కలిసి ఉన్నామా, ప్రేమ వల్ల కలిసి ఉన్నామా అని ఇప్పుడు ఆలోచిస్తున్నాను. రెండూ ఉన్నాయి. నాకు కాన్పులో పాణం మీదికొస్తే రాత్రంతా దవాఖానలో నిలబడింది నువ్వే, మా అమ్మ కాదు. నీ మీద ప్రేమ ఉండాలంటే ఒక్క కుండలోనే తినాలా అక్కా?

కౌలు సంగతి మధుకు చెప్పాను. ఉత్తరాల విషయం కూడా చెప్పాల్సి వచ్చింది. తిట్టలేదు. చాలాసేపు గేటు దగ్గర నిలబడి వచ్చి ఇట్లా అన్నాడు: "అన్న ఒక్కసారి వచ్చి నా ముందట చెప్పాలె, అది నాటకమో నిజమో. వదిన ఒట్టు నాకొద్దు. ఆయన చెప్తే నేను పొలానికి వస్త." ఇంటికి వస్తానని అనలేదు, పొలానికి అన్నాడు. నేను కూడా అదే అంటున్నాను.

నీ వినోద


స్టేషన్ ఘన్‌పూర్,
మాఘమాసం.

వినోదకు,

ఉత్తరం అందింది. మేము క్షేమం. మిర్చి ఎరుపెక్కింది. కూలీలు దొరకడం లేదు.

నా వంట కారమని పదకొండేండ్లు చెప్పకుండా తిన్నావు. ఒక్కసారి చెప్తే నా చెయ్యి విరిగిపోయేదా? మీ బావ నాలుకను చూసి కారం వేశాను గాని నిన్ను ఏడిపించడానికి కాదు. చల్లారిన అన్నం నేనూ తిన్నాను. అది అన్నం లెక్కనే తిన్నాను, కష్టం లెక్క కాదు. నువ్వు నా పక్కన కూర్చుని నవ్వుతూ కబుర్లు చెప్తూ తింటుంటే నీకూ అట్లాగే ఉందనుకున్నాను. ఇన్నేళ్లు నా పక్కన కూర్చున్నది ఎవరా అని రెండు రాత్రులు అనుకున్నాను.

ఇంకొకటి. మధు అడిగాడన్నది మీ బావకు చెప్పాను. "నాటకమేనని పోయి ఒక్క మాట చెప్పి రారాదు" అన్నాను. ఆయన తినేవాడల్లా చెయ్యి కడుక్కుని లేచాడు. నేను ఒట్టు వేయకుండా ఉండాల్సింది. ఇప్పుడు నాకు కూడా తెలుస్తోంది.

రావు సారుకు ఇంకా మాట ఇవ్వలేదు. పొద్దంతా మిర్చి ఏరి వచ్చి అట్లాగే పడుకుంటాడు. నేను ఇక ఏమీ చెప్పను. అన్నదమ్ములూ, వాళ్ల రెక్కలూ.

సమ్మమ్మ


మడికొండ,
ఉగాదికి ముందు గురువారం.

అక్కా,

ఈ ఉత్తరం బావ కంటే ముందే చేరాలని గబగబా రాస్తున్నాను. ఆయన సాయంత్రం బండికి బయల్దేరుతాడు. చిలుకమ్మ మధ్యాహ్నపు దానికి పోతానంటే ఈ నాలుగు ముక్కలు రాసేదాకా ఆపి కూర్చోబెట్టాను. నువ్వు ఎదురుచూస్తూ ఉంటావు కదా, వినిపిస్తాను.

పొద్దున నేను అన్నం వార్చి చూస్తే గేటు బయట బావ. భుజం మీద కందుల సంచి. మధు పై అంతస్తులో ట్యాంకు దగ్గర ఉన్నాడు, సౌమ్య బడికి పోయింది. ఆయన వచ్చి మెట్ల మీద ఎండలో కూర్చున్నాడు. నేను ఎప్పటిలాగే తలుపు వెనక్కి పోయాను. నీకు తెలుసుగా, పెండ్లయి వచ్చినప్పటి నుంచి బావ ముందు నేను నిలబడలేదు, ఒక్క మాట ఎదురుగా అనలేదు. నీళ్లు కావాలన్నా నీతో చెప్పేవాడు, ఇచ్చానన్నా నీతోనే చెప్పేదాన్ని. ఇప్పుడు మధ్యలో నువ్వు లేవు. ఆయన మెడ మీద చెమట కారుతోంది. గేటు దగ్గరికి వచ్చిన కార్లవాళ్లు ఆయన్ను వింతగా చూస్తున్నారు. నాకు సిగ్గనిపించింది, ఆయనను చూసి కాదు, నన్ను చూసుకుని.

"ఎండల కూసున్నరు బావా. లోపటికి రాండ్రి" అన్నాను.

ఆయన ఎవరు పిలిచారోనని వెనక్కి తిరిగి చూశాడు అక్కా. నా గొంతు ఎట్లా ఉంటుందో ఆయనకు తెలియదు. తర్వాత లేచి తల వంచి లోపలికి వచ్చాడు. సంచి దించి "మీ వంతు కందులు" అన్నాడు. అన్నం తింటారా అంటే "వాన్ని రానీయ్" అన్నాడు.

మధు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. నేను పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను. బావ కింద చూస్తూనే మొదలుపెట్టాడు. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"నాటకానికి అన్నా అని మీ వదిన చెప్పుమన్నది. గట్ల చెప్పి పోదామనే బండెక్కిన. కాజీపేట దిగినంక పాణం ఒప్పలే. నేను నిజంగనే అన్న మధూ. శానేండ్ల సంది కడుపుల ఉన్న మాట అది. ఎన్నడన్న అనాలె అనుకున్న, నోరు రాలే. నాటకమనంగనే ధైర్యం వచ్చింది. మీరు ఇటు వచ్చినంక నేను ఒక్కన్ని మిర్చి ఏరుతాంటే తెల్సింది, నా కూడు గూడ మీ రెక్కల మీదనే ఎల్లిందని. ఎవ్వల రెక్కల మీద ఎవ్వలు తిన్నరో నాకు ఎరుక లేదు. అగో, గది చెప్దామని వచ్చిన."

మధు ఏడ్చాడు. పెండ్లినాటి నుంచి చూస్తున్నా, ఏడవడం ఇదే మొదటిసారి. "నాకు ఎరుకనే అన్నా. నిజమని ఎరుకనే. అందరు నాటకం నాటకం అంటాంటేనే నాకు కడుపు మండేది. నేను పిచ్చోన్నా అనిపిచ్చేది" అన్నాడు. తర్వాత కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగి "అన్నకు అన్నం పెట్టు" అన్నాడు.

పెట్టాను. పప్పు కలుపుకుని ఒక ముద్ద తిని "ఇంత సప్పగ ఎట్ల తింటాండ్రు?" అన్నాడు. ఎండు మిరపకాయలు వేయించి ఇచ్చాను. నీ మొగుడు నీ మొగుడే అక్కా.

అప్పుడే చెప్పాలనిపించింది. మళ్లీ నోరు పెగులుతుందో లేదో. "బావా, మేం తిరిగి ఒక్క పొయ్యి కాడికి రాం. ఇది ఎవ్వల మీద కోపంతోని కాదు, నాకు గిట్లనే మంచిగుంది. పొలానికి మాత్రం వస్తం. ఈయన ఐతారం ఐతారం, నాట్లకు ఏరుళ్లకు ఇద్దరం. మా కూలి ఎంతైతే గంతనే పంట మాకియ్యుండ్రి" అన్నాను.

ఆయన ముద్ద నమలడం ఆపాడు. మధు నన్ను చూశాడు, తర్వాత ఆయన్ను చూశాడు. ఏమంటాడో, కంచం నెట్టి లేస్తాడేమో అనుకున్నాను. తమ్ముని ఇంట్లో చుట్టంలా తినడం ఆయనకెంత నామోషీనో నాకు తెలుసు.

"ఇంకింత అన్నం పెట్టు బిడ్డా" అన్నాడు.

పెట్టాను. ఇప్పుడు మధుతో కలిసి కార్లు చూస్తున్నాడు. నేను చేసింది తప్పయితే చెప్పు.

నీ వినోద


స్టేషన్ ఘన్‌పూర్,
ఉగాది వెళ్లిన వారం.

చెల్లెకు,

నీ ఉత్తరం మీ బావ కంటే ముందు చేరలేదు, చిలుకమ్మ ఆ రాత్రి తెచ్చి ఆయన ఎదుటే ఇచ్చింది. ఇక దాచేదేముంది అనుకుందేమో. చదివి వినిపించమన్నాడు. తను అన్న మాటలు వచ్చినచోట "గట్లనే అన్న" అన్నాడు. నువ్వన్నవి వచ్చినచోట మాత్రం "గొంతు మంచిగున్నది ఆమెది" అన్నాడు. ఇంత నవ్వు నాకు ఈ మధ్య రాలేదు.

నీ మీద కోపం పోయిందా అంటే పూర్తిగా పోలేదు. నన్ను ముందే అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. అడిగి ఉంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు, అదీ నిజమే. వచ్చే వారం ఏరుడుకు వచ్చినప్పుడు ఎదురుగా తిట్టి తీర్చుకుంటాను.

మీ బావ రావు సారుకు రెండెకరాలకే మాట ఇచ్చాడు. నాలుగు మన వల్ల కాదని లెక్క చూసుకుని తనే ఒప్పుకున్నాడు. మిగతా రెండు వేరేవాళ్లకు పోయాయి. పోయినందుకు గట్టు మీద కూర్చుని కాసేపు బాధపడ్డాం. కావ్యకు చెప్తే "ఫీజుకు నేను సాయంత్రం ట్యూషన్లు చెప్తా, మీరు గమ్మునుండ్రి" అంది. పిల్లలు మన కంటే గట్టివాళ్లే ఉన్నారు.

ఇక అసలు సంగతి. నిన్న సర్వే సారు వచ్చాడు. మీ బావ చేనులో ఉన్నాడు, నేను ఒక్కదాన్నే. కాగితాలు చూసుకుని "తమ్మునోళ్లు వేరుపడ్డరా? వాళ్ల పొయ్యి ఏది?" అన్నాడు. రేకుల కింద నీ పొయ్యి ఉండనే ఉంది. ముందు అనుకున్నట్టు అక్కడికి తీసుకుపోయి చూపిస్తే పని అయిపోయేది. కాళ్లు కదల్లేదు. "వాళ్ల పొయ్యి ఈడ లేదు సార్, మడికొండల ఉన్నది. వాళ్లు ఆడనే వండుకుంటరు, ఆడనే తింటరు" అన్నాను. ఆయన కలం ఆపి "అట్లయితే ఈడ ఇల్లు రాదమ్మా. కార్డుకు ఆడ అర్జీ పెట్టుకోవాలె" అన్నాడు. సరే అన్నాను. ఇల్లు పోగొట్టినందుకు మధు ఏమంటాడో నాకు తెలియదు. తిట్టాలంటే నన్నే తిట్టమను.

ఆయన వెళ్లబోతూ ఆగాడు. నన్ను చూసి జాలిపడ్డాడేమో. "పొయ్యి కనబడుతనే ఉంది గదమ్మా. ఈడనే ఉంటరని ఒక్క అబద్ధం చెప్తే ఏం పోయేది? అందరు చెప్తాండ్రు" అన్నాడు.

"ఒకపాలి చెప్పినం సార్" అన్నాను. "అది నిజమై కూసున్నది."

ఆయనకు అర్థం కాలేదు. మజ్జిగ ఇచ్చి పంపించాను.

మీ అక్క,
సమ్మమ్మ